కూర్చుని నడిపే గడ్డి మిషన్ - తెలుసుకోవలసిన జాగ్రత్తలు

హైటెక్ సిటీ అనగానే మన విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు గుర్తుకు వస్తాయి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత మాదాపూర్ నుండి గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ వరకు అద్దాల భవనాలు వరుసగా లేచాయి. ఆ భవనాల లోపల పని చేస్తున్న మన పూర్వ విద్యార్థుల గురించి అందరికీ తెలుసు. ఆ భవనాల బయట పచ్చగా కనిపించే గడ్డిని పెంచేవాళ్ళలో, కోసేవాళ్ళలో, ఆ మిషన్లు బాగు చేసేవాళ్ళలో కూడా మన హాస్టల్ వాళ్ళు ఉన్నారు. ఈ వ్యాసం రాస్తున్న మేము ఆ కోవకు చెందినవాళ్ళం.

పెద్ద ఆవరణల్లో కారులాగా కూర్చుని నడిపే గడ్డి మిషన్ వాడతారు. దీన్ని ఇంగ్లీషులో రైడింగ్ లాన్ మోవర్ అంటారు. పని చేసేచోట అందరూ అనేది గడ్డి మిషన్, లేదా మోవర్. మిషన్‌తో పాటు ఒక పుస్తకం వస్తుంది. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. చాలాచోట్ల దాన్ని పాలిథిన్ కవరు కూడా విప్పకుండా బీరువాలో పెడతారు. తాళంచెవి మాత్రం ఆ రోజు డ్యూటీకి వచ్చినవాళ్ళ చేతికి ఇస్తారు. వాళ్ళు ఊళ్ళో కొడవలితో ఎకరాలకు ఎకరాలు కోసిన చేయి తిరిగిన పనివాళ్ళే. అయినా ఆ పుస్తకం చదివి వినిపించేవాళ్ళు లేక, పక్కవాళ్ళను చూసి నడపడం నేర్చుకుంటారు. పక్కవాళ్ళు తప్పు చేస్తే ఆ తప్పు కూడా నేర్చుకుంటారు. మన హాస్టల్లో పదో తరగతి వరకు చదివిన ఎవరైనా డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదవగలరు. అందుకే దీన్ని మన సంచికకే రాయాలనుకున్నాము. వేసవి సెలవుల్లో అన్నయ్యల దగ్గరికో బావల దగ్గరికో వచ్చి, పనిచేసేచోటికి కూడా వెళ్ళే తమ్ముళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అది రెండో కారణం.

గడ్డి కోసే యంత్రాన్ని మొదట తయారు చేసినవాడు ఇంగ్లండుకు చెందిన ఎడ్విన్ బడ్డింగ్. 1830లో పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని బట్టల మిల్లులో బట్ట మీది నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికి ఈ ఆలోచన వచ్చింది. ఆ పద్ధతిలో బ్లేడ్లు చుట్టిన డ్రమ్ము తిరుగుతూ, కింద ఉన్న స్థిరమైన బ్లేడుతో కలిసి కత్తెరలాగా గడ్డిని తుంచుతుంది. దీన్ని రీల్ మోవర్ అంటారు. గోల్ఫ్ మైదానాల్లో బంతి దొర్లే నున్నని చోట్ల ఇప్పటికీ ఇదే వాడతారు. మణికొండ వైపు ఉన్న బౌల్డర్ హిల్స్ వంటి 18 హోల్స్ మైదానంలో అటువంటి గడ్డిని చూడవచ్చు. ఆఫీసుల ఆవరణల్లో మనకు ఎక్కువగా కనబడేది వేరే రకం. దాని కింద రేకు పెట్టె ఉంటుంది, దాన్ని డెక్ అంటారు. డెక్ లోపల ఫ్యాను రెక్కలాంటి బ్లేడ్లు నేలకు సమాంతరంగా తిరుగుతాయి. ఇక్కడ కత్తెర లేదు. కేవలం వేగంతో కొట్టి గడ్డిని తెంపుతుంది.

ఆ వేగం ఎంతో లెక్క చేసి చూద్దాం. 42 అంగుళాల డెక్‌లో సాధారణంగా రెండు బ్లేడ్లు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 53 సెంటీమీటర్ల పొడవు. బ్లేడు కొస ఒక్కసారి చుట్టి వస్తే 53 × 3.14, అంటే 166 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. నిమిషానికి 3000 చుట్లు అనుకుంటే దాదాపు 5 కిలోమీటర్లు. గంటకు 300 కిలోమీటర్లు. మన రైళ్ళు ఏవీ అంత వేగంతో పోవు. ఆ వేగంతో తిరిగే ఇనుప కొస మనం కూర్చున్న సీటుకు ఒకటి రెండు అడుగుల దూరంలో ఉంది. రేకు కింద ఉండడం వల్ల కనబడదు కాబట్టి భయం వేయదు. బ్లేడు స్విచ్ ఆపినా అది వెంటనే ఆగదు, కొన్ని సెకన్ల పాటు తిరుగుతూనే ఉంటుంది. ఆ కొన్ని సెకన్లలోనే చాలామంది చెయ్యి పెడతారు.

సీటు కింది స్విచ్

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, ఈ భాగం గుర్తుంచుకోండి.

సీటు కింద చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. మనిషి కూర్చుంటే దాని మీద బరువు పడి నొక్కుకుంటుంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి లేస్తే ఆ స్విచ్ ఇంజనుకు కరెంటు అందకుండా చేస్తుంది. ఇంజను ఆగిపోతుంది, దానితో బ్లేడ్లు కూడా ఆగుతాయి. మనిషి కింద పడినా, కళ్ళు తిరిగినా, మతిమరుపుతో దిగినా అతన్ని కాపాడేది ఇదే. అమెరికాలో చేత్తో తోసే మిషన్లకు కూడా ఇటువంటి నియమం ఉంది. హ్యాండిల్ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలని 1982 నుండి అక్కడ చట్టపరంగా అమలు చేస్తున్నారు.

మేము బాగు చేయడానికి విప్పిన మిషన్లలో ఈ స్విచ్ వైర్లను కలిపి టేపు చుట్టినవి ఎన్నో చూశాము. ఎందుకు చుట్టావని అడిగితే జవాబులు దాదాపు ఒకేలాగ ఉంటాయి. ఎగుడు దిగుడు నేల మీద బక్కపలచని మనిషి సీటులోంచి కొంచెం ఎగిరితే చాలు, ఇంజను ఆగిపోతోందట. దారిలో నీళ్ళ సీసా పడి ఉంటే దిగి తీయాలి, మళ్ళీ స్టార్టు చేయాలి, సూపర్‌వైజరు కేకలు వేస్తాడట. స్విచ్ చెడిపోతే కొత్తది తెప్పించేవాళ్ళు లేరట. ఈ ఇబ్బందులు నిజమే, కాదనడం లేదు. అయితే మొదటిదానికి మందు వేరే ఉంది. సీటు స్ప్రింగును మనిషి బరువుకు తగినట్టు బిగించుకునే వీలు చాలా మిషన్లలో ఉంటుంది. స్విచ్ దగ్గర తుప్పు, మట్టి చేరినా ఊరికే ఆగిపోతుంది. అక్కడ శుభ్రం చేస్తే సగం ఫిర్యాదులు పోతాయి. రెండోదానికి మందు, పని మొదలు పెట్టేముందే నడిచి వెళ్ళి సీసాలు, రాళ్ళు ఏరడం. మూడోదానికి మాత్రం నోరు విప్పి అడగాలి. వైరు కలిపిన మిషన్‌ను నడపనని చెప్పే హక్కు ఎక్కినవాడికి ఉంది. ఎక్కేముందే చెబితే ఇంకా మంచిది.

స్విచ్ పని చేస్తోందో లేదో ప్రతి ఉదయం చూడాలి. సమతలంగా ఉన్నచోట, దగ్గర ఎవరూ లేకుండా చూసుకుని, బ్రేకు వేసి ఇంజను స్టార్టు చేయాలి. బ్లేడ్లు తిప్పాలి. కాళ్ళు మిషన్ మీదనే ఉంచి సీటు మీద నుండి కొంచెం పైకి లేవాలి. ఇంజను ఆగాలి. ఆగకపోతే ఆ రోజు ఆ మిషన్ షెడ్డులోనే ఉండాలి. ఇదంతా ఒక నిమిషం పని.

వెనక్కి నడిపేటప్పుడు బ్లేడ్లు ఆపాలి. కొన్ని మిషన్లలో బ్లేడు తిరుగుతుండగా రివర్స్ వేస్తే ఇంజనే ఆగిపోతుంది. దాన్ని దాటవేయడానికి తాళంచెవిలో వేరే స్థానం ఇచ్చారు. అది ఉంది కదా అని వాడకూడదు. వెనక ఎవరున్నారో రెండు వైపులా తల తిప్పి చూసి, నెమ్మదిగా రావాలి.

పిల్లల సంగతి ఇక్కడే చెప్పాలి. అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు కూడా ఈ సంచిక తెప్పించుకుని చదువుతారు. ఇంటి ముందూ వెనకా అర ఎకరం గడ్డి ఉంటే వాళ్ళే ఆదివారం పూట మిషన్ ఎక్కుతారు. ముద్దుగా ఉంటుందని పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. ఇది చాలా ప్రమాదం. ఒక్క కుదుపుకు జారితే పడేది బ్లేడు ముందే. అదీగాక ఒకసారి ఎక్కించుకున్న పిల్లలు, మరోసారి మిషన్ శబ్దం వినగానే ఎక్కడానికి పరుగెత్తుకు వస్తారు. అక్కడి పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్ళు నిండనివాళ్ళు కూర్చుని నడిపే మిషన్ జోలికి పోకూడదని చెబుతోంది. మా మట్టుకు మేము 18 అంటాము. సెలవుల్లో వచ్చే తమ్ముళ్ళు ఎంత సరదాగా ఉన్నా ఆగండి. సైకిలు బాగా తొక్కుతాము, ట్రాక్టరు నడిపాము అనేవి ఇక్కడ అర్హతలు కావు.

రాళ్ళు, వాలు

సైబరాబాద్ మొత్తం గ్రానైటు రాళ్ళ నేల. ఆ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. దుర్గం చెరువు చుట్టుపక్కల మిగిలిన బండలను చూస్తే ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఎలా ఉండేదో తెలుస్తుంది. అలాంటి నేలను చదును చేసి, పైన ఎర్రమట్టి పోసి గడ్డి పరిచారు. ప్రతి వానకు కొంచెం మట్టి కొట్టుకుపోయి అడుగున ఉన్న రాయి పైకి తేలుతుంది. నిన్న లేని రాయి ఈ రోజు ఉంటుంది. పక్కనే ఇంకో భవనం కడుతుంటే కంకర, కడ్డీ ముక్కలు, మేకులు, బైండింగు వైరు గడ్డిలోకి వస్తాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో తిరిగే బ్లేడుకు కంకర రాయి తగిలితే అది ఎటు పోతుందో చెప్పలేము. కారు అద్దం పగిలితే డబ్బుతో పోతుంది. షిఫ్టు దిగి నడిచి వెళ్ళే అమ్మాయి కంటికి తగిలితే?

కాబట్టి కోతకు ముందు గోనె సంచి పట్టుకుని నేలంతా ఒకసారి నడవాలి. మళ్ళీ మళ్ళీ తేలే రాళ్ళు ఉన్నచోట్ల, నీళ్ళ స్ప్రింక్లర్ల తలల దగ్గర, మ్యాన్‌హోల్ మూతల దగ్గర గుర్తుగా చిన్న జెండా గుచ్చితే మంచిది. కోసిన గడ్డి బయటకు వచ్చే మూతికి రేకు లేదా ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. గడ్డి అడ్డుపడుతోందని దాన్ని విప్పి పారేయకూడదు. మూతి ఎప్పుడూ మనుషులు, వాహనాలు, అద్దాలు లేని వైపుకు ఉండేలా చుట్లు వేసుకోవాలి. ఎవరైనా దగ్గరకు వస్తే బ్లేడు ఆపి వాళ్ళు దాటేవరకు ఆగడమే పద్ధతి. నడిపేవాళ్ళకు బూట్లు, కళ్ళద్దాలు తప్పనిసరి. చెప్పులతో ఎక్కకూడదు. కండువా, చున్నీ, చీర కొంగు బెల్టుల్లో చిక్కుకునే ప్రమాదం ఉంది కాబట్టి గట్టిగా దోపుకోవాలి లేదా తీసేయాలి.

అందం కోసం ఈ ఆవరణల్లో గడ్డి దిబ్బలు కడతారు. మిషన్ బోల్తా పడేది ఇటువంటి చోట్లే. 15 డిగ్రీల కంటే ఎక్కువ వాలు మీద నడపవద్దని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. 15 డిగ్రీలను కంటితో పోల్చుకోలేము. టెన్త్ లెక్కల పుస్తకంలో త్రికోణమితి ఎందుకు చదువుతామో ఇక్కడ తెలుస్తుంది. ఒక మీటరు పొడవు తిన్నని కర్ర తీసుకోండి. ఒక కొసను వాలు మీద ఆనించి, రెండో కొసను దిగువ వైపుకు చాచి, కర్ర సమతలంగా ఉండేలా పట్టుకోండి. తాపీమేస్త్రీ వాడే స్పిరిట్ లెవెల్ పైన పెడితే సరిగ్గా తెలుస్తుంది. గాలిలో ఉన్న కొస నుండి నేల వరకు నిలువుగా కొలవండి. టాన్ 15 విలువ సుమారు 0.27 కాబట్టి ఆ ఎత్తు 27 సెంటీమీటర్లు దాటితే అక్కడికి మిషన్ ఎక్కించకూడదు. ఆ గడ్డిని బ్రష్ కట్టర్‌తోనో కొడవలితోనో కోయాలి. మీ మిషన్ పుస్తకంలో ఇంతకంటే తక్కువ వాలు రాసి ఉంటే అదే పాటించాలి.

తక్కువ వాలు మీద ట్రాక్టరు ఆకారంలో ఉండే మిషన్ నిలువుగా, అంటే పైకీ కిందికీ నడవాలి. అడ్డంగా నడిపితే పక్కకు పల్టీ కొడుతుంది. చేత్తో తోసే మిషన్‌కు ఇది తలకిందులు, దాన్ని అడ్డంగా తోయాలి. నిలువుగా తోస్తే కాలు జారి మిషన్ కిందకు పోతాము. ఈ తేడా తెలియక రెండూ ఒకేలాగ నడిపేవాళ్ళు ఉన్నారు. వాలు మీద హఠాత్తుగా తిప్పడం, గేరు మార్చడం చేయవద్దు. మంచు పడిన ఉదయం, వాన వెలిసిన వెంటనే టైర్లు జారుతాయి, గడ్డి కూడా డెక్‌కు అంటుకుంటుంది. ఆఫీసు బస్సులు వచ్చేలోగా కోత అయిపోవాలని తొందరపెడతారు. తడి ఆరేవరకు సమతలంగా ఉన్నచోట చేత్తో చేసే పనులు చూసుకుని, దిబ్బలు ఎండ వచ్చాక చేస్తే సరిపోతుంది. సీటు వెనక ఇనుప కమాను నిలబెట్టి ఉన్న మిషన్లలో సీటు బెల్టు పెట్టుకోవాలి. చెట్ల కింద దూరడానికి ఆ కమానును మడిస్తే మాత్రం బెల్టు పెట్టుకోకూడదు.

శబ్దం గురించి ఎవరూ పట్టించుకోరు. పెట్రోలు మిషన్ మీద కూర్చున్నవాళ్ళ చెవి దగ్గర శబ్దం 90 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటుంది. 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగానికి తగ్గాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. చెవులకు మఫ్‌లు అడిగి తీసుకోండి. సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్లు వాటికి బదులు కావు, వాటిలో పాటలు పెడితే ఉన్న శబ్దానికి ఇంకో శబ్దం కలుస్తుంది.

పదును, పెట్రోలు

మిషన్ సంరక్షణలో అన్నిటికంటే ముందు బ్లేడు పదును. కొడవలికి కక్కు పోతే కమ్మరి దగ్గరికి పోయి కక్కు కొట్టించుకున్నట్టే దీనికీ సమయానికి సాన పట్టాలి. పదును పోయిన బ్లేడు గడ్డిని కోయదు, పీకి చింపుతుంది. కోసిన మర్నాడు వంగి గడ్డి కొసలు చూడండి. కొసలు పీచులు పీచులుగా చిరిగి తెల్లబడి, తరువాత గోధుమ రంగుకు తిరిగితే బ్లేడు మొద్దుబారినట్టు. తోటమాలి నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా నీళ్ళు పెడతాడు. దోషం నీళ్ళది కాదు.

బ్లేడు విప్పేముందు తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, ప్లగ్గుకు తగలకుండా దూరంగా పెట్టాలి. ఇది ఎందుకంటే, చేత్తో బ్లేడును తిప్పితే కొన్ని మిషన్లలో ఇంజను కూడా తిరుగుతుంది, వేడి మీద ఉంటే ఒక్కసారి పేలి బ్లేడు గిర్రున తిరగవచ్చు. బ్యాటరీతో నడిచే కొత్త మిషన్లు ఆగి ఉన్నాయో, సిద్ధంగా ఉన్నాయో శబ్దాన్ని బట్టి తెలియదు, వాటికి తాళంచెవితో పాటు బ్యాటరీ కూడా తీసేయాలి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టాలి. బ్లేడు కదలకుండా చెక్క ముక్క అడ్డం పెట్టి, మందపాటి చేతితొడుగులు వేసుకుని నట్టు విప్పాలి. ఆకురాయితో అయినా సాన మీద అయినా ముందు ఉన్న ఏటవాలు మారకుండా పట్టాలి. రెండు కొసలకూ సమానంగా పట్టాలి. తరువాత గోడకు మేకు కొట్టి, బ్లేడు మధ్య రంధ్రాన్ని దానికి తగిలించి చూడండి. ఒక కొస కిందికి వాలితే అటు బరువు ఎక్కువ ఉన్నట్టు, ఆ కొసను ఇంకొంచెం అరగదీయాలి. అలా సరిచేయకుండా బిగిస్తే మిషన్ వణుకుతుంది, బేరింగులు పోతాయి. పగుళ్ళు ఉన్నా, వంగినా ఆ బ్లేడును వెల్డింగు చేసి వాడకూడదు, పాత ఇనుముకు వేయాలి.

గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయకూడదు. మూడు అంగుళాలు పెరిగితే రెండుకు దించాలి. ఇక్కడ లాన్లలో ఎక్కువగా కనబడే బెర్ముడా గడ్డి వేరే ఏదో కాదు, వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే. వానాకాలంలో అది త్వరగా పెరుగుతుంది, చలికాలంలో నెమ్మదిస్తుంది. ఎక్కువ పెరిగేదాకా ఆగి ఒకేసారి నున్నగా కొడితే నేల పసుపు పచ్చగా కనబడుతుంది, మిషన్‌కూ భారం.

ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పోయవద్దు, పది పదిహేను నిమిషాలు ఆగాలి. షెడ్డు లోపల పోయవద్దు. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చిన్న ఇంజన్లు తయారు చేసే కంపెనీలు చాలావరకు 10 శాతం ఇథనాల్ వరకే సరే అంటాయి. కాబట్టి మీ మిషన్ పుస్తకంలో ఎంత రాసి ఉందో చూసి, తేడా ఉంటే మెకానిక్‌ను అడగండి. ఎలాగైనా పాత పెట్రోలు ట్యాంకులో నెలల తరబడి ఉంచవద్దు. అది జిగురుగా మారి కార్బురేటరు సన్నని రంధ్రాల్ని మూసేస్తుంది. చలికాలంలో మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క కూడా అయిపోయే వరకు ఇంజను నడపాలి.

ఇంజను ఆయిల్ చాలా మిషన్లకు 50 గంటలకు ఒకసారి మార్చాలి, కొత్త మిషన్‌కు మొదటిసారి ఇంకా ముందే. గాలి ఫిల్టరు మన దుమ్ముకు పుస్తకంలో చెప్పినదానికంటే తరచుగా చూడాలి. టైర్ల గాలి నాలుగింటిలో తేడా ఉంటే డెక్ ఒక పక్కకు వాలి గడ్డి మెట్లు మెట్లుగా కోసుకుంటుంది. డెక్ కింద అంటుకున్న గడ్డిని ప్రతి రోజూ చెక్కతో గీకితే తుప్పు పట్టదు. మఫ్లరు దగ్గర చేరిన ఎండు గడ్డిని తప్పక తీయాలి, అది అంటుకుంటుంది.

చివరగా ఒక కాగితం సంగతి. ఈ పనుల్లో ఎక్కువమంది కాంట్రాక్టరు కింద ఉంటారు. సాధారణంగా 10 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పని చేసేచోట ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతం పరిమితిని 2017లో నెలకు 21,000 రూపాయలకు పెంచారు. పనిలో గాయపడితే వచ్చే సాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే షరతు లేదు, మొదటి రోజు దెబ్బ తగిలినా హక్కు ఉంది. కోలుకునే వరకు సుమారు 90 శాతం వేతనం వస్తుంది. జీతం చీటీలో ఈఎస్ఐ కోత కనబడుతుందా, మీ పేరున నంబరు వచ్చిందా అని చేరిన వారంలోనే చూసుకోండి. పేరు, తండ్రి పేరు, నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూడండి. మీతో పాటు పనిచేసే పెద్దవాళ్ళవి కూడా చదివి చెప్పండి.

మిషన్ దగ్గర ఒక నోటుబుక్ తాడుతో కట్టి ఉంచితే మంచిది. అందులో తేదీ, మీటరులో గంటలు, ఎవరు నడిపారు, సీటు స్విచ్ పరీక్ష చేశారా లేదా, ఆయిల్ ఎప్పుడు మార్చారు, బ్లేడు ఎప్పుడు సాన పట్టారు అనేవి తెలుగులో రాయాలి. నడిపిన మనిషి సంతకం చేశాకనే తాళంచెవి తిరిగి ఇవ్వాలి.